సూర్యునిపై ఫిర్యాదు

ప్రభుత్వమును పరిహసించు గ్రంథమును చదివి నవ్వుట సులభము. ఆ పరిహాసము తనకును తగులునని గ్రహించుట కష్టము. ఫ్రెంచి రచయిత ఫ్రెడెరిక్ బాస్టియా 1845లో ప్రకటించిన ‘ఆర్థిక కుతర్కములు’ పాఠకునకు ఇట్టి పరీక్షయే.

అందు క్రొవ్వొత్తుల వర్తకులు శాసనసభకు విన్నపము వ్రాసికొందురు. పరదేశి యొకడు తమకు పోటీగా వెలుతురును ఉచితముగా పంచుచున్నాడట. ఆ ద్రోహి సూర్యుడు! కావున పగటివేళ కిటికీలన్నియు మూయింపుడని ప్రార్థన. అప్పుడు క్రొవ్వుకొరకు పశువులు, నూనెకొరకు సేద్యము వృద్ధినొంది దేశము భాగ్యవంతమగునట. వేరొకచోట, పారిసునుండి స్పెయినునకు పోవు రైలుమార్గమును బోర్డో నగరమున తెంపినచో అచటి కూలీలకును పూటకూళ్లవారికిని లాభమను వాదమును ఎత్తుకొని, అట్లయిన ప్రతి యూరను తెంపుదము, తెంపులతోనే రైలుమార్గము నిర్మింతము అని తేల్చును.

ఇందు గురియైనవాడు మంత్రి మాత్రమే యని తలచువారు పొరబడుచున్నారు. కిటికీలు మూయుమని ముందు కోరినది వర్తకులు. ప్రతివాడును స్వలాభమునకు దేశక్షేమమని పేరుపెట్టి సర్కారు వాకిట నిలుచును. నష్టపడువాడు మాత్రము విన్నపము వ్రాయడు. గృహిణి నూనెకు నాలుగు కాసులెక్కువ యిచ్చుకొనును. అవి యెవరి యింటికి చేరెనో ఆమె యెరుగదు.

అయితే ఈ గ్రంథమును చేతబట్టి శాసనమెల్ల దోపిడియే యనువారును కలరు. ఇది అతివాదము. వ్యక్తిని, స్వేచ్ఛను, సొత్తును కాపాడుట శాసనధర్మమని బాస్టియాయే చెప్పెను. కిటికీ మూయు శాసనము వేరు, తెరచు శాసనము వేరు. 1856 నాటి వితంతు పునర్వివాహ శాసనము ఎవరిని పెండ్లాడుమని నిర్బంధింపలేదు, అడ్డుగడియ తీసెను. ఆ తలుపునుండియే 1881 డిసెంబరులో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తాము పూనుకొన్న తొలి వితంతు వివాహమును జరిపించిరి. 1929 నాటి శారదా శాసనము నిర్బంధించిన మాట నిజమే. కాని అది కాపాడ నెంచినది తన సమ్మతిని చెప్పజాలని బాలికను.

ఒక్కచోట నేను ఆ రచయితతో ఏకీభవింపజాలను. 1850లో వ్రాసిన ‘చట్టము’ అను చిన్న పుస్తకమున ఆయన, పన్నులతో నడుచు బడులను సైతము చట్టపు దోపిడిలో చేర్చెను. కిటికీలేని గదిలో పుట్టినవానికి కిటికీ మూయమని మాట యిచ్చిన నేమి ఫలము? గోడకు కన్నము పెట్టవలయును. పేదబిడ్డకు బడి యట్టిది. బడిపంతులు తన యంగడినే పొగడుకొనుచున్నాడందురేమో! మంచిది, నా విన్నపమును కూడ ఆ కొలతతోనే కొలువుడు. బడి పంతులు జీతము కొరకే నిలిచి, బిడ్డకు అక్షరము రాకున్నచో, నేనును క్రొవ్వొత్తుల వర్తకుడనే.

కావున సోదరీసోదరులారా, ఇకముందు సర్కారునకు పంపు ఏ విన్నపముపైనను చేవ్రాలు చేయుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: దీనివలన ఎవరి యింట వెలుతురు తగ్గును? ఆ యింటివారు మన యెదుట లేరు గనుక, వారి పక్షమున మనమే అడుగవలయును.