దాచిన దెబ్బ, చదవని కాగితం

భాషాహక్కు అనగానే మనకు బడి గుర్తుకు వస్తుంది. తెలుగు మాధ్యమం, తెలుగు పంతులు, తెలుగు పాఠ్యపుస్తకం చుట్టూనే సరిహద్దు జిల్లాల తెలుగువారి ఆరాటం ఇన్నాళ్లూ సాగింది. అది న్యాయమైనదే గాని, దానితోనే సరిపోదు. ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క సంతకంతో చేతులు మారే చోట కూడా అమ్మనుడి అవసరం ఉంది. పాత కారు కొనుగోలు అటువంటి చోటు.

చోరనూరు బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని ఊరు. ఒకప్పుడు ఘోర్పడేల ఏలుబడిలో ఉన్న సండూరు సంస్థానం 1949లో మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో కలిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు దక్కగా, సండూరు మైసూరుకు వెళ్లింది. గీత నేల మీద పడింది గాని చుట్టరికాల మీద, బేరసారాల మీద పడలేదు. ఇక్కడి తెలుగు కుటుంబం పాత కారు కోసం బళ్లారికైనా వెళ్తుంది, గీత దాటి గుంతకల్లుకో అనంతపురానికో అయినా వెళ్తుంది. బేరం తెలుగులోనో కన్నడంలోనో నడుస్తుంది. సంతకం మాత్రం తరచుగా ఇంగ్లీషు కాగితం మీదనే పడుతుంది. తెలుగు రాష్ట్రంలో కొన్నా ఈ తీరు పెద్దగా మారదు. చెవితో విన్న మాటకూ, వేలితో ఒప్పుకున్న రాతకూ నడుమ ఉన్న ఆ సందులోనే మోసం దాక్కుంటుంది.

ఆ మోసం ఎటువంటిదో చూద్దాం. 2020 అక్టోబరులో హైదరాబాదు వరదల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్నో వాహనాలు నీటి పాలయ్యాయి. బాగుచేయడానికయ్యే ఖర్చు బీమా చేసిన విలువలో 75 శాతం దాటితే, బీమా సంస్థ ఆ బండిని పూర్తి నష్టం కింద లెక్కకట్టి యజమానికి సొమ్ము చెల్లిస్తుంది. మిగిలిన బండిని తుక్కు కింద అమ్మడం ఆనవాయితీ. దానిని కొన్నవారు బాగుచేసి మళ్లీ అమ్మడం తనంతట తాను తప్పు కాదు. ఆ చరిత్రను కప్పిపుచ్చి మంచి బండిగా అంటగట్టడమే తప్పు. సీటు బెల్టును చివరిదాకా లాగితే కనిపించే బురద చార, సీటు కింది పట్టాలకు పట్టిన తుప్పు, తివాచీ అడుగున ముక్కవాసన నీటి జాడలు. తలుపుల సందుల్లో హెచ్చుతగ్గులు, కొత్త వెల్డింగు గుర్తులు, ఒకచోట ముదురుగా మరొకచోట పలుచగా ఉన్న రంగు ప్రమాదపు జాడలు.

కొన్న తరువాత ఇవి బయటపడితే ఏమి చేయాలి? మొదట చేయవలసింది మరమ్మతుకు తొందరపడకపోవడం. బాగుచేయించామంటే సాక్ష్యాన్ని మన చేతులతోనే చెరిపివేసినట్లు. బండికి ఫోటోలు తీయాలి. ఆ కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో తనిఖీ చేయించి, లోపం ఏమిటో, ఎంత పాతదో రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత సర్వీసు వివరాలనూ, బీమా పరిహార వివరాలనూ అడగాలి. అమ్మకపు ప్రకటన, ఫోను సందేశాలు, చెల్లింపు రసీదులు అన్నీ భద్రపరచాలి. ఆ తరువాత అమ్మినవారికి గడువు పెట్టి, సొమ్ము వాపసు చేయమనో బాగుచేయించమనో కోరుతూ నోటీసు పంపాలి. స్పీడు పోస్టులో పంపి, అందినట్లు రుజువు ఉంచుకోవాలి.

'ఉన్నది ఉన్నట్లుగా అమ్మితిమి' అని కాగితంలో ఉంది కదా అని అమ్మకందారు అనవచ్చు. ఆ మాటకు బెదరనక్కరలేదు. తనకు తెలిసిన సంగతిని ఎదుటివారు మోసపోవాలని చురుకుగా కప్పిపుచ్చడం మోసమని 1872 నాటి కాంట్రాక్టుల చట్టం 17వ సెక్షను చెబుతుంది. అటువంటి ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 19వ సెక్షను ఇస్తుంది. అయితే, చూసి తెలుసుకునే వీలున్నా చూసుకోలేదన్న వాదన ఎదురుకావచ్చు. అందుకే కొనేముందే మెకానిక్కుకు చూపించడం మేలు.

అమ్మినవారు వ్యాపారులైతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం అండగా ఉంది. బండికి చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల దాకా ఫిర్యాదుకు రుసుము లేదు. కారణం పుట్టిన నాటినుంచి 2 సంవత్సరాల లోపల ఫిర్యాదు చేయాలి. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. సరిహద్దు కుటుంబాలకు మరీ ముఖ్యమైనది 34వ సెక్షను. 1986 చట్టం కింద సాధారణంగా ఎదుటి పక్షం ఉన్న చోటికో, వ్యవహారం జరిగిన చోటికో వెళ్లవలసి ఉండేది. కొత్త చట్టం ఫిర్యాదీ నివసించే చోట కూడా వ్యాజ్యం వేయవచ్చునంది. అనంతపురంలో కొన్న కారు గురించి చోరనూరు మనిషి బళ్లారిలోనే ఫిర్యాదు చేయవచ్చునన్నమాట.

అమ్మినవారు వ్యాపారి కాని మామూలు మనిషైతే వినియోగదారుల చట్టం సాధారణంగా వర్తించదు. అప్పుడు కాంట్రాక్టుల చట్టాన్ని పట్టుకొని సివిలు కోర్టుకు వెళ్లాలి. పాత బండ్ల వ్యాపారులు రిజిస్ట్రేషను అధికారి నుంచి ధ్రువపత్రం పొందాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. కొనేముందే ఆ పత్రం చూపమని అడగాలి.

చట్టంలో ఇంత అండ ఉన్నా మనవారు దాని గడప ఎందుకు తొక్కరు? అడగవలసిన భాష తమది కాదన్న జంకే ప్రధాన కారణమని నా అభిప్రాయం. ఆ జంకు తీర్చే ఆధారం రాజ్యాంగంలోనే ఉంది. తన బాధను తీర్చమని కేంద్రానికి గాని రాష్ట్రానికి గాని చెందిన ఏ అధికారికైనా, అక్కడ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉందని 350వ అధికరణం చెబుతుంది. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేస్తే తెలుగుతో సహా 17 భాషల్లో మాట వింటారు. ఫోనులో తెలుగు చెల్లినప్పుడు కాగితం మీద ఎందుకు చెల్లకూడదు?

ఇందులో కన్నడంతో పేచీ ఏమీ లేదు. కన్నడం మన ఇరుగు నుడి, మన పిల్లల బడి నుడి. కమిషన్ ఎదుట వేసే ఫిర్యాదుకు కన్నడ ప్రతినో ఇంగ్లీషు ప్రతినో జతచేయడమే తెలివైన పని. కాని మన కష్టాన్ని మొదట మనకు తెలిసిన మాటల్లో రాసుకుంటేనే ఆ ప్రతిలో ఏమి రాశారో సరిచూసుకోగలం. మరొకరు రాసిన దానికి తలవంచి సంతకం చేయడం వల్లనే కదా మొదట మోసపోయింది!

కాబట్టి రెండు పనులు జరగాలి. సరిహద్దు తాలూకాల్లో వాహన బదిలీ పత్రాలూ, వినియోగదారుల ఫిర్యాదు నమూనాలూ కన్నడంతోపాటు తెలుగులోనూ ఉంచాలని మన సంఘాలు జిల్లా అధికారులను కోరాలి. గణనీయంగా భాషా అల్పసంఖ్యాకులున్న ప్రాంతాల్లో ముఖ్యమైన ప్రకటనలూ నియమాలూ వారి భాషలోనూ వెలువడాలని కేంద్రం 1956లోనే చెప్పింది. మనం కొత్తగా కోరుతున్నదేమీ కాదు. అది జరిగేలోగా ప్రతి ఊరిలో చదువుకున్న నలుగురు పూనుకొని, అమ్మకపు కాగితాన్ని సంతకానికి ముందే ఇంటిల్లిపాదికీ తెలుగులో చదివి వినిపించాలి. కారు కొనేముందు ఇంజను చప్పుడు వినడానికి పది నిమిషాలు కేటాయిస్తాం. కాగితం వినడానికి మరో పది నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది.