ఈల పట్టేవారికీ అర్హత ఉండాలి

వాలీబాల్ సామాన్యుల ఆట. ఒక బంతి, ఒక నెట్, రెండు స్తంభాలు, పద్దెనిమిది మీటర్ల పొడవూ తొమ్మిది మీటర్ల వెడల్పూ ఉన్న కాస్త చదునైన నేల ఉంటే చాలు, పన్నెండు మంది ఆడుకోవచ్చు. ఖరీదైన సామగ్రి అక్కరలేదు, క్లబ్బు సభ్యత్వం అక్కరలేదు. అందుకే మన పల్లెల్లోనూ పట్టణాల శివారు బస్తీల్లోనూ ఈ ఆట ఇంకా నిలిచి ఉంది. వేసవి సెలవులకో, సంక్రాంతికో, మరే సందర్భానికో యువజన సంఘాలు పోటీలు నిర్వహిస్తూనే ఉన్నాయి. ఆ పోటీలకు షామియానా వేస్తారు, మైకు పెడతారు, ఫ్లడ్‌లైట్లు బిగిస్తారు, నగదు బహుమతులు ప్రకటిస్తారు. ఇన్ని ఏర్పాట్లలో ఒక్క విషయాన్ని మాత్రం చివరి గంట వరకు ఎవరూ పట్టించుకోరు. తీర్పు చెప్పేది ఎవరు? తీరా జట్లు కోర్టులోకి దిగాక, ఒకప్పుడు బాగా ఆడిన పెద్దమనిషి ఒకరిని పిలిచి చేతికి ఈల ఇస్తారు.

ఈ అలవాటు మారాలన్నది మా అభిప్రాయం. ఔత్సాహిక స్థాయిలోనైనా, ఊరి పోటీలోనైనా, శిక్షణ పొంది పరీక్షలో నెగ్గిన రిఫరీ చేతికే ఈల దక్కాలి. అలాంటి రిఫరీలు మన యువకుల నుంచి, ముఖ్యంగా మన అమ్మాయిల నుంచి తయారు కావాలి.

వాలీబాల్‌లో రిఫరీ అంటే ఎత్తయిన బల్ల మీద నిలబడి ఈల ఊదే ఒక్క మనిషి అని చాలామంది భావిస్తారు. నిబంధనల ప్రకారం అది ఒక బృందం చేసే పని. మొదటి రిఫరీ, రెండవ రిఫరీ, స్కోరర్, సహాయ స్కోరర్, నలుగురు లేదా ఇద్దరు లైన్ జడ్జీలు కలిస్తేనే ఆ బృందం పూర్తవుతుంది. ప్రతి ఒక్కరికీ నిలబడే చోటు వేరు, చూడవలసిన అంశం వేరు.

మొదటి రిఫరీ చూపు నెట్ పైఅంచుకు సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఆయన పని ఆటకు ముందే మొదలవుతుంది. కోర్టును, బంతులను, సామగ్రిని పరిశీలించాలి. నెట్ ఎత్తు పురుషులకు 2.43 మీటర్లు, మహిళలకు 2.24 మీటర్లు. దాన్ని కోర్టు మధ్యలో కొలవాలి. రెండు పక్క గీతల మీద ఆ ఎత్తు సమానంగా ఉండాలి, నిర్ణీత ఎత్తును రెండు సెంటీమీటర్లకు మించి దాటకూడదు. తరువాత ఇద్దరు కెప్టెన్ల సమక్షంలో టాస్ వేయాలి. మన ఊరి పోటీల్లో ఎన్నిటిలో నెట్‌ను కొలబద్దతో కొలిచారో పాఠకులే గుర్తు చేసుకోవాలి. ఒకవైపు వాలిన నెట్ మీద ఆట మొదలైతే, మొదటి సర్వీసుకు ముందే ఒక జట్టుకు అన్యాయం జరిగినట్టే.

రెండవ రిఫరీ మొదటి రిఫరీకి ఎదురుగా, స్తంభం పక్కన నేల మీద నిలబడతాడు. ఆటగాళ్లు నెట్‌ను తాకడం, నెట్ కిందుగా అవతలి కోర్టులోకి చొచ్చుకుపోవడం వంటి తప్పులు ఆయన కంటికే బాగా కనబడతాయి. టైమ్‌అవుట్లు, ఆటగాళ్ల మార్పులు ఆయన అనుమతితో జరుగుతాయి. బెంచీ మీద కూర్చున్నవారి ప్రవర్తనను గమనించేదీ, స్కోరర్ పనిని పర్యవేక్షించేదీ ఆయనే. లైన్ జడ్జీలు జెండాలతో బంతి లోపల పడిందా బయట పడిందా, బయటికి పోయేముందు ఎవరి చేతికైనా తగిలిందా, యాంటెన్నాను తాకిందా అన్నది చూపుతారు. సర్వీసు చేసేవాడు గీత తొక్కాడా అన్నది కూడా వారే గమనించాలి.

ఇక స్కోరర్. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు ఈ బృందంలో అందరికంటే విలువైన వ్యక్తి స్కోరరే అనిపిస్తుంది. ప్రతి సెట్‌కు ముందు కోచ్ తన ఆరుగురి వరుసను కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలి. ఆ వరుస ప్రకారం ఎవరి తరువాత ఎవరు సర్వీసు చేయాలో స్కోరర్ నమోదు చేసుకుంటాడు. వరుస తప్పి ఎవరైనా సర్వీసు చేస్తే ఎదుటి జట్టుకు పాయింటూ సర్వీసూ వస్తాయి. తప్పు ఆలస్యంగా బయటపడితే, అది ఏ క్షణాన మొదలైందో స్కోరర్ రికార్డు నుంచి తేల్చాలి. అప్పటి నుంచి తప్పు చేసిన జట్టు సంపాదించిన పాయింట్లన్నీ రద్దవుతాయి, ఎదుటి జట్టు పాయింట్లు మాత్రం నిలుస్తాయి. ఆ క్షణాన్ని తేల్చలేకపోతే పాత పాయింట్ల రద్దు ఉండదు, ఎదుటి జట్టుకు ఒక పాయింటూ సర్వీసూ మాత్రమే దక్కుతాయి. అంటే రికార్డు సక్రమంగా లేని చోట తప్పు చేసినవాడికే లాభం.

కొన్నేళ్ల క్రితం మా ప్రాంతంలో జరిగిన ఒక ఫైనల్ పోటీలో సరిగ్గా ఇదే జరిగింది. ఐదవ సెట్ చివరి దశలో ఒక జట్టు, ఎదుటివారు వరుస తప్పి సర్వీసు చేస్తున్నారని అభ్యంతరం చెప్పింది. అక్కడ స్కోరు నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తున్నారు. రెండు అంకెలు తప్ప మరేమీ లేవు. వరుస రాసిన కాగితం లేదు. ఈల పట్టిన పెద్దమనిషి నిర్వాహకులకు దగ్గర బంధువు. ఆయన నిజాయితీపరుడే కావచ్చు, కాని ఆ సమయంలో ఆయన మాటను నమ్మేవారు సగం మందే. ఆట ఆగిపోయింది, మాటలు పెరిగాయి, బహుమతి ఎవరికీ ఇవ్వకుండానే ఆ రాత్రి ముగిసింది. మరునాడు ఊరి పెద్దలతోపాటు మమ్మల్నీ పిలిచి పంచాయితీ చేయమన్నారు. రికార్డు ఏదని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. కాగితం ఉంటే ఐదు నిమిషాల్లో తేలే విషయం రెండు బస్తీల యువకుల మధ్య రెండేళ్లపాటు మాటల్లేకుండా చేసింది.

‘మేము ముప్పై ఏళ్లు ఆడాం, మాకు తెలియని నిబంధనలా?’ అనే సీనియర్లు ఉన్నారు. వారి అనుభవం పట్ల మాకు గౌరవం ఉంది. అయితే వారు ఆడిన ఆట, ఇప్పటి ఆట ఒకటి కాదు. ఒకప్పుడు సర్వీసు చేతిలో ఉన్న జట్టుకే పాయింటు వచ్చేది. 1990ల చివర అంతర్జాతీయ సమాఖ్య ఆ పద్ధతిని మార్చి ప్రతి ర్యాలీకి పాయింటు ఇవ్వడం ప్రవేశపెట్టింది. మొదటి నాలుగు సెట్లకు 25, ఐదవ సెట్‌కు 15 పాయింట్లు వచ్చాయి. గెలవాలంటే రెండు పాయింట్ల తేడా మాత్రం తప్పనిసరి. అదే కాలంలో లిబెరో ఆటగాడు వచ్చాడు. ఒకప్పుడు సర్వీసు బంతి నెట్‌ను తాకితే తప్పు, ఇప్పుడు తాకి అవతల పడినా చెల్లుతుంది. బంతిని కాలితో ఆడటమూ నేడు నిబంధనలకు లోబడినదే. 2025 నుంచి అమలవుతున్న నిబంధనల్లో, సర్వీసు చేసే జట్టు ఆటగాళ్లు ఆ క్షణాన కోర్టులో ఎక్కడైనా నిలబడే వెసులుబాటు కూడా వచ్చింది. ఈ మార్పు తెలియని పెద్దమనిషి ఈల ఊదితే, తప్పు చేయని జట్టు పాయింటు పోగొట్టుకుంటుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక రిఫరీ చదువు ఒక్క పరీక్షతో ముగిసేది కాదు.

ఇంతకీ ధ్రువీకరణ ఎలా లభిస్తుంది? మన దేశంలో దీనికి మెట్లు ఉన్నాయి. రాష్ట్ర వాలీబాల్ సంఘాలు శిక్షణ తరగతులు పెట్టి పరీక్షలు నిర్వహిస్తాయి. అందులో నెగ్గి, పోటీల్లో తగిన అనుభవం గడించినవారు జాతీయ స్థాయి పరీక్షకు వెళ్తారు. ఆపైన అంతర్జాతీయ సమాఖ్య శిక్షణ ఉంటుంది. నిబంధనల పుస్తకం మీద పట్టు ఒక్కటే చాలదు, కోర్టులో నిలబడి ఈల, చేతి సంకేతాలు సరిగా చూపగలగాలి. ఈల ఊదాక సర్వీసు ఎవరిదో ముందు చూపాలి, ఆపైన తప్పు ఏమిటో చూపాలి, అవసరమైతే తప్పు చేసిన ఆటగాణ్ని చూపాలి. తీర్పుతోపాటు దాని కారణం కూడా అందరికీ కనబడేలా చెప్పడమే ఈ క్రమంలోని అంతరార్థం. కారణం చెప్పని తీర్పు ఎంత అనుమానానికి తావిస్తుందో కార్యాలయాల చుట్టూ తిరిగిన మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అభ్యంతరానికీ ఒక పద్ధతి ఉంది. మొదటి రిఫరీ నిర్ణయమే అంతిమం, దాని మీద కోర్టులో చర్చకు తావులేదు. అయినా కెప్టెన్ మర్యాదగా వివరణ అడగవచ్చు, ఏ నిబంధనను ఎలా అన్వయించారో రిఫరీ చెప్పాలి. ఆ వివరణతో తృప్తి చెందకపోతే, తన నిరసనను నమోదు చేసే హక్కును నిలుపుకుంటున్నానని కెప్టెన్ అప్పటికప్పుడే తెలియజేసి, ఆట ముగిశాక స్కోరు పత్రంలో రాయించవచ్చు. అప్పుడు నోరు మెదపక, ఓడిపోయాక గొడవ చేస్తే అది చెల్లదు. హక్కు ఉంది, దాన్ని వాడుకోవడానికి సమయమూ పద్ధతీ ఉన్నాయి. ఈ ఒక్క పాఠం మన యువకులకు మైదానంలో అబ్బితే జీవితంలో మరెన్నో చోట్ల అక్కరకు వస్తుంది.

శిక్షలకూ క్రమం ఉంది. చిన్న దుష్ప్రవర్తనకు మొదట కెప్టెన్ ద్వారా మాటతో హెచ్చరిక, తరువాత పసుపు కార్డు. ఈ రెండింటికీ పాయింటు పోదు. ఎరుపు కార్డు చూపితే ఎదుటి జట్టుకు పాయింటూ సర్వీసూ. రెండు కార్డులూ కలిపి ఒకే చేత చూపితే ఆ సెట్ నుంచి, వేర్వేరు చేతుల్లో చూపితే మొత్తం మ్యాచ్ నుంచి ఆటగాణ్ని పంపివేస్తారు. తప్పు ఎంతో శిక్ష అంతే. శిక్షణ లేనివారి చేతిలో ఈ క్రమం చెడుతుంది. పరిచయస్తుడు దూషించినా చూసీ చూడనట్టు వదిలేస్తారు, కొత్త కుర్రవాడు చేయి ఊపినా బయటికి పొమ్మంటారు.

మా ప్రతిపాదనకు రెండు అభ్యంతరాలు వినవస్తున్నాయి. మొదటిది ఖర్చు. శిక్షణ పొందిన రిఫరీలను పిలిస్తే దారి ఖర్చులూ పారితోషికమూ ఇవ్వాలి, నిజమే. కాని మైకుకూ ఫ్లెక్సీలకూ పెట్టే డబ్బులో కొంత తగ్గిస్తే అది సమకూరుతుంది. రెండవది, సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మనిషి నిష్పాక్షికుడవుతాడా అన్న ప్రశ్న. కాడు. పరీక్షలో నెగ్గినవారిలోనూ పక్షపాతం చూపేవారు ఉండవచ్చు. కాగితం మనిషి గుణానికి హామీ ఇవ్వదు. అయితే అతడు ఏ నిబంధనకు కట్టుబడాలో ముందే తేల్చి చెబుతుంది, తప్పితే ఫలానా నిబంధన తప్పావని నిలదీసే అవకాశం మనకు ఇస్తుంది. ఏ అర్హతా అడగకుండా మనమే పిలిచి ఈల ఇచ్చిన పెద్దమనిషిని ఏ ఆధారంతో నిలదీస్తాం?

మన దేశ వాలీబాల్‌లో అర్జున అవార్డు పొందిన మాలినీ రెడ్డి, శ్యామ్ సుందర్ రావు, రమణారావు, అబ్దుల్ బాసిత్, రవికాంత్ రెడ్డి వంటి ఆటగాళ్లను మనం గర్వంగా తలచుకుంటాం. వారి ఆటకు తీర్పు చెప్పిన రిఫరీల్లో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? తెలియదు. ఆ పనికి చప్పట్లు ఉండవు. అయినా మోకాలి గాయంతో ఆట మానేసిన యువకుడికీ, పెళ్లయ్యాక మైదానానికి దూరమైన క్రీడాకారిణికీ, ఎత్తు చాలక జట్టులో చోటు దొరకని విద్యార్థికీ ఈ ఆటలో గౌరవంగా కొనసాగేందుకు తెరిచి ఉన్న ద్వారం అదే. బాలికల పోటీల్లో మహిళలు రిఫరీలుగా నిలబడితే, కూతుళ్లను మైదానానికి పంపడానికి వెనుకాడే తల్లిదండ్రులకు కొంత ధైర్యం వస్తుంది.

కనుక యువజన సంఘాలకు మేము సూచించేవి కొన్ని పనులు. ఏటా మీ సంఘం తరఫున ఒక యువకుణ్ని, ఒక యువతిని రిఫరీ శిక్షణకు పంపండి, రుసుము సంఘమే భరించాలి. పోటీకి ముందురోజు కెప్టెన్లందరినీ కూర్చోబెట్టి నిబంధనలు చదివి వినిపించండి. ఆడే రెండు ఊళ్లకూ చెందని రిఫరీని పిలవండి. ఆయనకు ఇవ్వవలసిన పారితోషికం ఆటకు ముందే చేతిలో పెట్టండి, గెలుపోటములు తేలిన తరువాత కాదు. నల్లబల్ల ప్రేక్షకుల కోసం ఉండనివ్వండి, స్కోరు పత్రం మాత్రం తప్పక రాయించి, సంతకాలు చేయించి, కనీసం ఏడాదిపాటు భద్రపరచండి.

వీటిలో ఏ ఒక్కటీ మన శక్తికి మించినది కాదు. రాబోయే వేసవి పోటీలకు ఇంకా వ్యవధి ఉంది. నిర్వాహకులు తొలి సమావేశంలోనే, బహుమతి మొత్తం ఎంతో నిర్ణయించకముందే, రిఫరీ ఎవరన్నది నిర్ణయించుకోవాలని కోరుతున్నాం.