లేని వాటా అమ్మకము, దళారి రుసుము

తిరుత్తణి, తిరువళ్లూరు స్టేషనులలో ఉదయపు రైలెక్కి చెన్నపట్టణమునకు ఉద్యోగములకు పోవు మన యువకులలో పలువురు, తొమ్మిదింబావు కాగానే చేతిలోని ఫోను తెరచి వాటాల ధరలు చూచుచున్నారు. వాటాలు కొనుట తప్పని మేమనము. మంచి కంపెనీలో నాలుగు వాటాలు కొని పది సంవత్సరములు కదలింపక యుంచిన కుటుంబములు మనలోనే కలవు. కాని ఇటీవల మమ్ము అడుగువారి ప్రశ్న వేరు. కొనకముందే అమ్ముట, అనగా తమ వద్ద లేని వాటాను అమ్ముట, లాభసాటియా? అట్టి బేరమునకు ఏ బ్రోకరు తక్కువ రుసుము తీసికొనును? ఈ రెండు ప్రశ్నలును విడివిడిగా కనబడినను, రెండవదానికి సరియైన లెక్క వేసినచో మొదటిదానికి జవాబు దానంతటదియే దొరకునని మా అభిప్రాయము.

వేరుసెనగ బేరము తెలిసిన మన పెద్దలకు ఇది బోధించుట కష్టము కాదు. ధర పడునను నమ్మకముతో, ఇంట ఒక్క గింజ లేకయే నూరు బస్తాలు ఉదయపు ధరకు అమ్మి, మధ్యాహ్నము తక్కువ ధరకు కొని అప్పగించుటయే ఈ వ్యాపారము. నడుమ మిగిలినది లాభము. ధర పడక పెరిగినచో? నూరు రూపాయలకు వాటా కొన్నవాని నష్టము నూరు రూపాయలతో ఆగును. లేనిది అమ్మినవాని నష్టమునకు హద్దు లేదు. ధర ఎంత పెరిగిన అంత. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమను సామెత మనవారికి క్రొత్త కాదు.

ఈ పద్ధతి చట్టవిరుద్ధమని కొందరందురు. అది సరికాదు. 2001 మార్చిలో ధరలు కూలినప్పుడు సెబీ దీనిని నిషేధించిన మాట నిజము. పిమ్మట 2007 డిసెంబరు 20వ తేదీన వెలువడిన నియమావళి సంస్థలతో సహా అందరికిని దీనిని అనుమతించెను. వాటాలను అరువు తెచ్చుకొను ఏర్పాటుతో అది 2008 ఏప్రిల్ 21 నుండి అమలులోనికి వచ్చెను. అయితే అప్పగించవలసిన దినమున వాటా అప్పగింపక తప్పించుకొనుట ఎవరికిని అనుమతి లేదు. 2024 జనవరి 5వ తేదీ ఆదేశములోను సెబీ ఈ మాటనే మరల చెప్పెను. అరువు తెచ్చుకొనని చిన్న మదుపరి ఉదయము అమ్మినది ఆనాడే, మార్కెట్టు మూయులోపల, తిరిగి కొనవలసినదే.

చిక్కు ఇక్కడనే యున్నది. వాటా ధర ఆనాటి గరిష్ఠ పరిమితిని తాకినచో అమ్మువారే ఉండరు. కొనవలెనన్నను దొరకదు. 2023 జనవరి నుండి బేరము జరిగిన మరుసటి పనిదినముననే వాటాలు అప్పగించవలసియున్నది గనుక, అప్పగింపలేనివాని పక్షమున ఎక్స్ఛేంజి వేలములో కొనును. ఆ ధరయు, దానిపై జరిమానాయు అతడే భరింపవలెను. ఒక్క మధ్యాహ్నములో ఏడాది పొదుపు హరించుకొనిపోవుటకు ఇంతకంటె దగ్గరి దారి లేదు.

ఇక రుసుముల లెక్క. ఒకడు లక్ష రూపాయల వాటాలు ఉదయము అమ్మి ఆనాడే తిరిగి కొనెననుకొందము. బ్రోకరు ఆర్డరునకు 20 రూపాయల చొప్పున తీసికొనువాడైనచో రెండింటికి 40. అమ్మకముపై లావాదేవీల పన్ను నూటికి 0.025 వంతున 25. ఎక్స్ఛేంజి రుసుము రెండు వైపులకు ఇంచుమించు 6. కొనుగోలుపై స్టాంపు సుంకము 3. బ్రోకరు, ఎక్స్ఛేంజి రుసుములపై 18 శాతము జీఎస్టీ మరి యెనిమిది. వెరసి సుమారు 82 రూపాయలు. ఇది చూచి, లక్షకు ఎనుబది రెండేనా యని నవ్వువారుందురు. కాని ఆ లక్షయు అతనిది కాదు. ఐదవ వంతు జామీను చూపినచో బ్రోకరు బేరము చేయనిచ్చును. అతని సొంత సొమ్ము ఇరువదివేలు. దినమునకొక్క బేరము చొప్పున ఏడాదిలో 240 బేరములు చేసినచో రుసుములే 19,700 దాటును. లాభనష్టముల మాట యటుంచి, ధర కదలకున్నను మూలధనము ఖర్చులకు సరిపోయినది.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 2024 జులైలో సెబీ ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2022-23లో ఒకేనాటి కొనుగోలు అమ్మకములు చేసిన వ్యక్తులలో పదింట ఏడుగురు నష్టపోయిరి. ముప్పది యేండ్లలోపు వారిలో నష్టపోయినవారు నూటికి 76 మంది. ఏడాదిలో ఐదువందల బేరములు మించినవారిలో 80 మంది. ఎక్కువ తిరిగినవాడే ఎక్కువ పోగొట్టుకొనెను! ఫ్యూచర్లు, ఆప్షన్ల సంగతి మరింత దారుణము: 2021-22 మొదలు మూడు సంవత్సరములలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, ఆ నష్టము మొత్తము 1.8 లక్షల కోట్లు దాటెననియు అదే సంస్థ 2024 సెప్టెంబరులో తెలిపెను.

కావున చౌక బ్రోకరును వెదకుట వ్యర్థమా? కాదు. కొని ఉంచుకొనువానికి అది నిజముగా ఉపయోగము. లక్ష రూపాయల వాటాలు కొన్నప్పుడు, నూటికి అర్ధరూపాయి తీసికొను బ్రోకరు వద్ద జీఎస్టీతో 590 రూపాయలగును. కొనుగోలుపై రుసుమే లేదనువారి వద్ద అది మిగులును. కాని ఉచితమను మాట చూచి సంతోషింపక, ఖాతా వార్షిక రుసుము, అమ్మినప్పుడు డిపాజిటరీ రుసుము, ఫోనులో చెప్పి చేయించిన ఆర్డరు రుసుము, గడువులోపల బేరము ముగింపనిచో వారే ముగించినందుకు వేయు రుసుము, ఇవన్నియు అడిగి తెలిసికొనవలెను. నాలుగు లక్షలలోపు వాటాలున్న చిన్నవారికి వార్షిక రుసుము లేని ప్రాథమిక డిమ్యాటు ఖాతా 2024 సెప్టెంబరు 1 నుండి కలదు. రోడ్లకు భూములిచ్చి పరిహారము పుచ్చుకొన్న మన పల్లె కుటుంబములలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

రుసుము కంటె ముందు చూడవలసినది మరియొకటి కలదు. హైదరాబాదులో 1983లో వెలసిన కార్వీ సంస్థ మన తెలుగువారి సంస్థయని ఎందరో నమ్మిరి. ఖాతాదారుల వాటాలను తన అప్పులకు తాకట్టు పెట్టెనని 2019 నవంబరు 22న సెబీ దానిపై ఉత్తర్వు జారీచేసెను. తాకట్టుపడినవి 95 వేల మందికి పైగా ఖాతాదారులవి, సుమారు 2,300 కోట్ల రూపాయల వాటాలు. పెక్కుమందికి వాటాలు తిరిగి చేరినవి. సంస్థ మాత్రము మార్కెట్టునుండి వెలియైనది. తెలుగు మాటలాడు బ్రోకరు గదా యను భరోసా చాలదు. డిపాజిటరీ పంపు పట్టికను తెరచి, తన వాటాలు తన పేరననే యున్నవో లేవో చూచుకొనుటకు కాసు ఖర్చు లేదు. ఐదు నిమిషముల పని.

1937లో పునరుద్ధరింపబడిన మద్రాసు స్టాకు ఎక్స్ఛేంజి 2015లో మూతపడినది. ఆ కాలమున బ్రోకరు ముఖము చూచి బేరము చేసెడివారు. నేడు సంతకము కూడ ఫోనులోనే. ఇరువది ముప్పది పుటల ఆంగ్ల ఒడంబడికకు చదువకయే అంగీకారమను మీట నొక్కుచున్నారు. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఎల్లలు మారి తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినది గాని, మన కుటుంబములలోని పెద్దలు చదువునది నేటికిని తెలుగే. మదుపరి హక్కులు, బాధ్యతల పత్రము, నష్టభయ ప్రకటన తెలుగులోను కలవు. ఎక్స్ఛేంజి వెబ్‌సైటులో నుండి ఎవరైనను తీసికొనవచ్చును. మనమున్నది ఏ రాష్ట్రమను ప్రశ్న అందులకు అడ్డు రాదు. ఆ ప్రతులను మన సంఘ పఠనమందిరములో ఉంచుచున్నాము. క్రొత్తగా ఖాతా తెరువదలచిన పిల్లలు, వారి సొమ్ములో తమ సొమ్మును కలిపిన తండ్రులు, సాయంకాలము వచ్చి చదువుకొనవచ్చును.