ఇంట్లోనే ఉండమంటున్నారు, ఏ ఇంట్లో?



హాస్టల్ మూసేశాక ఏప్రిల్ ఆఖర్లో ఇంటికొచ్చాను. అప్పట్నుంచి ఫోన్‌లో రోజూ అదే మెసేజ్: పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావొద్దు, ఇంట్లోనే ఉండండి, నీళ్లు ఎక్కువ తాగండి. మంచి మాటే. కానీ అది రాసినవాళ్లు మే నెలలో మా భద్రాచలం ఏజెన్సీలో, ఒక స్లాబ్ ఇంట్లో ఒక్క మధ్యాహ్నం కూడా గడిపి ఉండరు.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటా. మా పాత గడ్డి ఇల్లు కూల్చేద్దామని పట్టుబట్టింది నేనే. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలవాలంటే సిగ్గేసేది. నాయన వద్దన్నాడు. నాయనమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. అయినా అన్న కూలి డబ్బులు, తునికాకు డబ్బులు, కొంత అప్పు కలిపి రెండు గదులకు స్లాబ్ వేశాం. ఫొటో స్టేటస్ పెట్టుకుంది కూడా నేనే.

ఇప్పుడు ఆ స్లాబ్ పగలంతా ఎండను తాగి, రాత్రంతా మా మీదికి వదులుతోంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడినే కిందికి తోస్తుంది. సాయంత్రం గాలిదుమారం వచ్చిందంటే కరెంటు పోయి అదీ ఉండదు. స్లాబ్ మీద నీళ్లు చల్లమని సలహా ఇస్తారు. ఆ నీళ్లు బోరింగ్ దగ్గర్నుంచి బిందెలతో మోసేది మా అమ్మ. తెల్లారుజామున తునికాకుకు పోయి, ఎండెక్కాక వచ్చి, 50 ఆకులకొక కట్ట కట్టి, కల్లంలో అప్పజెప్పి వచ్చే మనిషి ఆమె. రాత్రి నిద్ర కూడా లేకపోతే ఏమవుతుంది? మొన్న కట్టలు కడుతూనే కళ్లు తిరిగి పడిపోయింది. అందుకే ఇది రాస్తున్నా.

మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ వడగాడ్పు అంటుంది. అది బయట నీడలో పెట్టిన థర్మామీటర్ లెక్క. రాత్రి పదింటికి మన గదిలో ఎంతుందో కొలిచేదెవరు?

పాత ఇంట్లో చూరు ఎంత కిందికి వంగి ఉండేదంటే, గోడకు ఎండ తగిలేదే కాదు. గోడకూ కప్పుకూ మధ్య సందులోంచి వేడి గాలి పోయేది. దాన్ని మనం వెనకబాటుతనం అన్నాం. అలాగని మళ్లీ అందరం గుడిసెల్లోకి పోదామని నేననట్లేదు. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చాలి, గడ్డి దొరకదు, నిప్పంటుకుంటే క్షణాల్లో బూడిద. పాములూ తేళ్లూ సరేసరి. రేకుల ఇళ్ల సంగతైతే చెప్పక్కర్లేదు, స్లాబే నయమనిపిస్తుంది.

నా గొడవ ఒక్కటే. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, 400 చదరపు అడుగులకు తగ్గొద్దంటున్నారు, పైన ఆర్‌సీసీ స్లాబ్ ఉండాలంటున్నారు. హైదరాబాద్‌కూ మన గూడేనికీ ఒకటే కప్పా? పెంకు కప్పు కావాలన్నవాళ్లకు అది వేసుకోనివ్వాలి. 2023లో రాష్ట్ర ప్రభుత్వమే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మా గూడెంలో దాని పేరు విన్నవాళ్లు నాకైతే కనపడలేదు. స్లాబ్ మీద తెల్ల పూత, ఇంటి ముందు వరండా, వీటికి కూడా పైసలు కలపమని గ్రామసభలో అడుగుదాం. చదువుకున్నవాళ్లం మనమే తీర్మానం రాసి తీసుకుపోవాలి.

పోయిన వారం అన్నా నేనూ స్లాబ్ మీద రెండు సార్లు సున్నం కొట్టాం. రాత్రిళ్లు కొంచెం నయమని అమ్మ అంటోంది. నాయనమ్మ మాత్రం ఇంకా చింతచెట్టు కిందే పడుకుంటోంది. వానలు పడేలోపు పెరట్లో ఆమెకో చిన్న గడ్డి ఇల్లు వేయాలని నాయన గుంజలు కొట్టుకొచ్చాడు. మీ ఊళ్లో ఇంకా పాత ఇల్లు కూల్చనివాళ్లుంటే, కొత్తది కట్టుకున్నా దాన్ని ఉంచుకోమని చెప్పండి.