పెన్‌డ్రైవ్ మేళం

మా సత్తెనపల్లిలో ఈ మాఘమాసంలో నేను వెళ్లిన మూడు పెళ్లిళ్లలో రెండింటికి సన్నాయి పెన్‌డ్రైవ్‌లోంచే వచ్చిందండీ. ఊరేగింపు డీజేకి వేలకు వేలు పోసినవాళ్లే మేళగాళ్ల దగ్గర బేరాలాడతారు. ఇక వాళ్ల పిల్లలు సన్నాయి ఎందుకు పట్టుకుంటారు?

రికార్డులంటే నాకేం పడకపోవడం కాదు. షేక్ చినమౌలానా గారి రాగాలాపన పెట్టుకునే పొద్దున పెసరట్లు పోస్తాను. కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అందుకున్న ఆయన్ని ఈరోజు వినగలుగుతున్నానంటే రికార్డుల చలవే. పెళ్లిపీటల దగ్గర మాత్రం అది చాలదు. పురోహితుడు చెయ్యెత్తగానే కీర్తన ఎక్కడున్నా వదిలేసి గట్టిమేళం అందుకోవాలి. పెళ్లికూతురు రావడం ఆలస్యమైతే రాగం సాగదీయాలి. పెన్‌డ్రైవ్‌కి కళ్లున్నాయా?

అన్నట్టు, సన్నాయికి ఆడవాళ్ల ఊపిరి చాలదనేవాళ్లకి కాలీషాబీ గారిని వినిపిస్తాను. ఆవిడ, భర్త మహబూబ్ సుభానీ గారు ఇద్దరూ చినమౌలానా గారి శిష్యులే. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. జంటగా వాయిస్తుంటే ఏ స్వరం ఎవరిదో నేనైతే పోల్చుకోలేను.

మా చిన్నదాని పెళ్లికి డీజే ఉండదని ఇప్పుడే చెప్పేశాను. వాళ్ల నాన్న ఇంకా గొణుగుతూనే ఉన్నారు.