కప్పు కారుతుంటే రంగులెందుకు?

సంవత్సరీకాలు అయ్యేదాకా ఇంటి మీద సుత్తి దెబ్బ పడనివ్వరు మనవాళ్లు. అవి కాగానే మేస్త్రి దిగుతాడు. కోనసీమ ఊళ్లలో ఎటు వెళ్లినా ఈమధ్య ఇదే వరస. పోయినాయన బ్యాంకులో దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్టో, ఎల్ఐసీ సొమ్మో, అమ్మిన అరెకరం కొబ్బరితోట డబ్బో చేతికొస్తుంది. ఎదురుగా పాత ఇల్లు కనబడుతూ ఉంటుంది. ‘నాన్న పేరు చెప్పుకుని ఇల్లు బాగుచేయిద్దాం’ అంటాడు పెద్దకొడుకు. మంచి మాటే. వారసత్వంగా వచ్చిన డబ్బు కొత్త కారు కింద కరిగిపోయే కంటే, ఏ వెంచర్లోనో ఇరుక్కుపోయే కంటే, పుట్టిన ఇంటి గోడల్లోకి వెళ్లడం మేలు. కాకపోతే నేను చూస్తున్నంతలో ఆ డబ్బు గోడల్లోకి వెళ్లడం లేదు. గోడల మీదికి వెళ్తోంది.

వీధి వైపు స్టీలు గేటు. అరుగు మీద గ్రానైటు. హాల్లో విట్రిఫైడ్ టైల్స్, పైన ఎల్ఈడీ దీపాలతో ఫాల్స్ సీలింగ్. పండక్కి వచ్చినవాళ్లు దాని కింద నిలబడి ఫోటోలు దిగుతారు. సీలింగ్ పైన దూలాన్ని చెద తన మానాన తాను తింటూ ఉంటుంది. ఇంతకుముందు తలెత్తితే కనబడేది, ఇప్పుడు డబ్బిచ్చి మరీ కనబడకుండా చేసుకున్నాం. అంబాజీపేట వైపు ఒక లోగిలిలో వడ్రంగి నిచ్చెనెక్కి స్క్రూడ్రైవరు మొన దూలంలో గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. కింద టైల్స్ పరిచి అప్పటికి ఆరు నెలలు.

మండువా ఇల్లు ఎక్కడ పాడవుతుందో ఆ ఊరి పాత వడ్రంగిని అడిగితే కళ్లు మూసుకుని చెబుతాడు. నాలుగు వైపుల నుంచీ పెంకు వాలు మండువాలోకి దిగుతుంది. రెండు వాలులు కలిసే మూలకు నీళ్లన్నీ చేరి అక్కణ్ణించి ధారగా పడతాయి. ఆ మూలన పెంకు కింద పరిచిన రేకు తుప్పుపట్టి చిల్లు పడిందా, ముందు తడిసేది మూలవాసమే. పైనుంచి చూస్తే పెంకు భేషుగ్గా ఉంటుంది. లోపల గోడ మీద మాత్రం టీ ఒలికినట్టు ఒక చార దిగుతుంది. దాని మీద సున్నం కొట్టి ఊరుకున్న ఇళ్లలో నాలుగైదు వానాకాలాలకు వాసం కొస పుచ్చి, చేత్తో నలిపితే పొడిగా రాలుతుంది. చేయాల్సిన పని పెద్దదేం కాదు. రేకు మార్చాలి, పుచ్చినంత మేర కోసి గట్టి చెక్క అతకాలి, పగిలిన పెంకులు ఏరేసి మంచివి సర్దాలి. గూన పెంకు ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం కాబట్టి, పక్క ఊళ్లో కూల్చిన ఇంటి పెంకులు కొనుక్కోవాలి. ఇంతా చేస్తే వీధిలోంచి చూసినవాడికి ఏం చేయించారో తెలియదు. అందుకే ఎవరూ చేయించరు.

గోడలకు జరుగుతున్నది ఇంకా అన్యాయం. గానుగ సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పైకి పీల్చుకున్నా తిరిగి గాలికి వదిలేస్తుంది. దానికి సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఆ చెమ్మకు బయటికి దారి ఉండదు. లోపలే నిలిచి, ఉప్పు తేలి, కొన్నాళ్లకు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ‘సిమెంటు పాలు తగ్గింది సార్’ అంటాడు మేస్త్రి. ఈసారి పాలు పెంచి మళ్లీ సిమెంటే పూస్తాడు. కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి సున్నం తిప్పించే గానుగలు మన ఊళ్లలో కనుమరుగైన మాట నిజమే. సున్నం పూత వేయగలిగిన చేతులు మాత్రం వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి.

డాబా ఇళ్లదీ అదే జబ్బు. స్లాబు కింద పెచ్చు ఊడి చువ్వ బయటపడితే, తుప్పు పూర్తిగా గీకకుండా పైపైన సిమెంటు మెత్తేస్తారు. లోపల చువ్వ తుప్పుకు ఉబ్బి ఆ మెత్తినదాన్ని కూడా తోసేస్తుంది. ఇక వీధిలో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసుకుంటూ పోయి ఇంటి గడప రోడ్డుకంటే కిందికి దిగిపోయినచోట, జాకీలు పెట్టి ఇంటికి ఇల్లే పైకెత్తించుకునే వాళ్లూ ఉన్నారు. అది ముచ్చటకు చేసే ఖర్చు కాదు, వాళ్లను ఏమీ అనలేం.

అసలు ఎవరి కోసం ఇల్లు బాగుచేయిస్తున్నట్టు? కొడుకు హైదరాబాదులో, కూతురు డల్లాస్‌లో, ఇంట్లో ఉండేది అమ్మ ఒక్కతే. ఏడాదికి మూడు రోజులు దిగే పిల్లల కోసం రెండు గదులకు ఏసీలు బిగిస్తారు, అదీ చెక్క పట్టీల మీద పాకించిన పాత వైరింగుకే, ఎర్త్ ఉందో లేదో చూడకుండా. అమ్మ మాత్రం రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని, పాచిపట్టిన నాపరాళ్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ పెరటి చివరకు వెళ్తుంది. మరుగుదొడ్డి ఇంటికి ఎడంగా ఉండాలన్నది పాత పద్ధతి. డెబ్బై అయిదేళ్ల మోకాళ్లకు ఆ పద్ధతి పట్టదు. ఆవిడ పడుకునే గదిని ఆనుకుని ఒక బాత్‌రూము, కమోడ్ పక్కన గోడకు పట్టుకునే రాడ్డు, తడిస్తే జారని నేల, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. ఆయన దాచిన డబ్బుకు ఇంతకంటే సరైన ఖర్చు నాకు తోచడం లేదు. పైగా అందులో ఆవిడ వాటా ఉంది.

ఆ సంగతి గుర్తుచేయాల్సి రావడమే విచిత్రం. వీలునామా రాయకుండా తండ్రి పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి కూడా సమానంగా చెందుతుంది. డిపాజిట్టుకు నామినీగా పెద్దకొడుకు పేరున్నంత మాత్రాన డబ్బంతా అతనిది కాదు. నామినీ పని తీసుకోవడం, వారసులకు పంచడం. (జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత భార్యో భర్తో, పిల్లలో, తల్లిదండ్రులో నామినీలైతే లెక్క వేరు.) ఇక ఇల్లంటారా, ఆ చట్టంలో 23వ సెక్షన్ ఒకటుండేది. కుటుంబం కాపురమున్న ఇంటిని పంచమని కూతురు అడగడానికి వీల్లేదు, మగవాళ్లు పంచుకుందామనేదాకా ఆగాల్సిందే. 2005 సవరణతో అది పోయింది. పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఉంది, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. 2005లో దేశమంతటా వచ్చింది. ఆనాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ఇంత మారింది, మేస్త్రితో బేరమాడే మనిషి మాత్రం మారలేదు. ఇంటి మీద ఎంత పెడుతున్నారో చెల్లెలికి తెలిసేది గృహప్రవేశం లాంటి భోజనాల నాడే. పసుపుకుంకుమల కింద ఒక చీర పెడతారు. ‘నాకేం వద్దులే అన్నయ్యా’ అంటుంది ఆమె. ఆ మాటతోనే ఆమె హక్కు తీరిపోయిందనుకుంటారు.

తీరదు. స్థిరాస్తిలో వాటా వదులుకోవాలంటే హక్కు విడుదల పత్రం రాసి రిజిస్టర్ చేయించాలి. అది చేయనప్పుడు ఉమ్మడి డబ్బు ఉమ్మడి ఇంటి మీదే పెట్టినట్టు లెక్క. పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మకానికి వచ్చిన రోజున ‘ఇంత పోశాను, నా వాటా పెంచండి’ అని అన్న, ‘పోసింది మా డబ్బు కాదూ?’ అని చెల్లెలు. ఇద్దరి మాటలోనూ నిజముంటుంది, అందుకే ఆ తగవు కోర్టు మెట్లెక్కితే తొందరగా దిగదు. ఎవరి వాటాలోంచి ఎంత ఖర్చయింది, రేపు ఇల్లు అమ్మితే ఆ ఖర్చును ఎలా చూడాలి అన్నది ఒక కాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు చేస్తే సగం గొడవ అక్కడే పోతుంది. అన్నదమ్ముల మధ్య కాగితాలేమిటని నొచ్చుకునేవాళ్లు, నొచ్చుకోవడం పూర్తిచేశాకైనా రాసుకోవాలి.

పన్ను గురించి భయపడేవాళ్లకు ఒక మాట. వారసత్వంగా వచ్చిన సొమ్ము మీద మన దేశంలో పన్ను లేదు, ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. ఆ సొమ్ము మీద వచ్చే వడ్డీకి మాత్రం కట్టాలి. రేపు ఇల్లు అమ్మితే, కొత్తగా వేసిన గది లాంటి పెద్ద మార్పుల ఖర్చును లాభంలోంచి తగ్గించి చూపుకోవచ్చు, బిల్లులుంటే. రంగుల ఖర్చు చూపుకోవడానికి కుదరదు. ఆదాయపన్ను శాఖ కూడా నా పక్షమే.

పాత ఇళ్లన్నిటినీ బతికించి తీరాలని నేననను. గోడలో ఏటవాలు పగులు కనబడితే దానికి అడ్డంగా ఒక గాజుముక్కను రెండు కొసలా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాసి, ఒక వానాకాలం ఆగండి. గాజు పగిలితే పునాది ఇంకా కదులుతోందన్నమాట. అలాంటి ఇంటి మీద తండ్రి కష్టార్జితం పోసే ముందు ఇంజినీరును పిలవాలి. ఆయన వద్దంటే వినాలి. స్తంభాలకు, గుమ్మాలకు ధర కట్టే కలప వ్యాపారులు ఎలాగూ ఊళ్లలో తిరుగుతూనే ఉన్నారు.

ఇల్లు గట్టిదేనని తేలితే, సంక్రాంతికి అందరూ ఒకచోట ఉన్నప్పుడే లెక్క కాగితం మీద పెట్టండి. అమ్మ, అక్కచెల్లెళ్లు సంతకాలు చేశాకే మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వండి. ఆయన చెప్పిన అంచనాకు నాలుగో వంతు కలిపి పక్కన పెట్టుకోండి, పెంకు దించాక లోపల ఏం బయటపడుతుందో ఆయనకూ తెలియదు. ఫిబ్రవరిలో పెంకు దించితే ఏప్రిల్ చివరికి కప్పు పని ముగుస్తుంది. జూన్‌లో నైరుతి వానలు వస్తాయి. ఆ వానాకాలమంతా చూసి, ఎక్కడా చుక్క దిగలేదనుకున్నాక దసరాకు రంగులు వేయించుకోండి.