ఆ పైసల్లో ఆమె హక్ ఎంత?

"అట్లాంటి ఆడపిల్లల్ని చూసుకోవడానికి సంస్థలున్నాయి కదమ్మా, వాళ్ళకు ఫండ్స్ వస్తాయి కదా!" ఈ మాట నేను కురవిలో విన్నాను, మానుకోటలో విన్నాను, డోర్నకల్ స్టేషన్‌లో మన బిరాదరీ పెద్దమనిషి ఒకాయన నోట కూడా విన్నాను. అదే నోటితో ఇంకోమాట కూడా అంటారు, ఆ సంస్థలన్నీ ఆడపిల్లల పేరు చెప్పి పైసలు తింటాయని. అంటే వాళ్ళే చూసుకోవాలి, వాళ్ళంతా దొంగలే. మధ్యలో మనకేమీ జిమ్మేదారీ లేదు. ఎంత హాయైన హిసాబ్!

సరే, హిసాబే మాట్లాడుకుందాం. అమ్ముడుపోయి బయటపడ్డ ఆడపిల్ల పేరు మీద వచ్చే పైసలు ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆమె చేతికి ఎంత చేరుతుంది. నేను రెండేళ్ళు ఒక హోంలో లెక్కలూ రిపోర్టులూ రాసినదాన్ని. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. చాలా హోంల హాలత్ అదే.

1996లో హైదరాబాద్ మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించినప్పుడు అక్కడి ఆడవాళ్ళు రాత్రికి రాత్రి రోడ్డున పడ్డారు. వాళ్ళ పిల్లల కోసం మొదలైన చిన్న బడి నుంచే సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌ల ప్రజ్వల పుట్టింది. ఇరవై ఏళ్ళకు, 2016లో, ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మధ్యలో సర్కారు కూడా కదిలింది. 2007 డిసెంబర్‌లో ఉజ్జ్వల పథకం తెచ్చింది. 2022లో దాన్నీ స్వాధార్ గృహాన్నీ కలిపి శక్తి సదన్ అని పేరు మార్చింది. పేర్లు మార్చడంలో మన హుకూమత్‌లకు ఎప్పుడూ కొరత లేదు. ఉజ్జ్వలలో 2016 నుంచి కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 30 పాళ్ళు ఇస్తే మిగతా 10 నడిపే సంస్థే తెచ్చుకోవాల్సి వచ్చేది. కాగితం మీద చూస్తే ఖూబ్‌సూరత్ పథకం. ముందుగా ఆపడం, విడిపించడం, నిలబెట్టడం, ఇంట్లో కలపడం, సొంత దేశానికి పంపడం అన్నీ అందులో ఉండేవి.

మరి వంటింట్లో ఏం జరుగుతుంది? గ్రాంట్ కిస్తుల్లో వస్తుంది. మొదటి కిస్తు ఖర్చుపెట్టి యూసీ పంపితే రెండోది. యూసీ జిల్లాలో ఒక టేబుల్ మీద, రాష్ట్రంలో ఇంకో టేబుల్ మీద, ఢిల్లీలో మరో టేబుల్ మీద ఆగుతుంది. ఆడపిల్లల ఆకలి ఆగదు కదా! కిరాణా షాపు ఆయన ఉద్దెర ఇస్తాడు, మూడో నెలకు మొహం మాడ్చుకుంటాడు. బియ్యం వస్తాయి, పప్పు పలచనవుతుంది. నేను పనిచేసిన చోట ఒకసారి ఐదు నెలలు జీతాలు రాలేదు. నేను ఓర్చుకున్నాను, అమ్మీ వాళ్ళింట్లో ఉన్నాను కాబట్టి. కౌన్సిలర్ ఓర్చుకోలేదు. ఆమెకు ఇద్దరు పిల్లలు, కిరాయి ఇల్లు. వెళ్ళిపోయింది. ఆమెను ఏమనగలం?

పోయింది జీతగత్తె ఒక్కతే అనుకోకండి. ఒక ఆడపిల్ల నాలుగు నెలలు గోడ వైపు తిరిగి పడుకుని, ఆ కౌన్సిలర్ ఆపా దగ్గర మొదటిసారి నోరు విప్పి ఉంటుంది. ఎవరు తీసుకెళ్ళారు, ఎవరు అమ్మారు, ఇంట్లో ఎవరికి తెలుసు అన్నీ చెప్పి ఉంటుంది. ఆరు వారాల తర్వాత కొత్త కౌన్సిలర్ కొత్త ఫారం పట్టుకుని వచ్చి "నీ కథ మొదటి నుంచి చెప్పు బేటా" అంటుంది. పోలీసుకు చెప్పింది, మేజిస్ట్రేట్‌కు చెప్పింది, డాక్టర్‌కు చెప్పింది, ఇప్పుడు నాలుగోసారి. కొందరు పిల్లలు చెప్పరు. అప్పుడు ఫైల్‌లో "సహకరించడం లేదు" అని రాస్తారు. సహకరించనిది ఎవరు? కిస్తు ఆపిన టేబులా, ఆ పిల్లా?

ఇక రిపోర్టుల తమాషా. ఎంతమంది చేరారు, ఎంతమందికి కుట్టు మిషన్ నేర్పారు, ఎంతమందిని ఇంటికి చేర్చారు? మూడో గడి దగ్గర అందరికీ ఖుషీ. ఇంటికి చేరితే కేసు ముగిసినట్టు, పడక ఖాళీ అయినట్టు, ప్రాజెక్టు కామ్‌యాబ్ అయినట్టు. కానీ చాలామందిని అమ్మింది ఆ ఇల్లే, లేదా ఆ ఇంటికి రోజూ చాయ్ తాగడానికి వచ్చే మామూనో పక్కింటి ఖాలానో. ఆర్నెల్ల తర్వాత ఆమె ఎక్కడుందని అడిగే గడి నేను నింపిన ఫారాల్లో లేదు. అడిగితే వెళ్ళి చూడాలి, వెళ్ళాలంటే బస్సు చార్జీలు కావాలి, బస్సు చార్జీలకు బడ్జెట్‌లో లైన్ లేదు.

ఇంకో చేదు సంగతి. 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం 17వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ఒక ఆడమనిషిని ఏడాది నుంచి మూడేళ్ళ దాకా హోంలో ఉంచమని ఆర్డర్ ఇవ్వొచ్చు. ఆమె మేజర్ అయినా సరే. కాపాడామంటున్నాం, తాళం వేస్తున్నాం. 2022 మే నెలలో బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీం కోర్టు ఇలాంటి హోంలన్నీ సర్వే చేసి, ఇష్టం లేకుండా ఉన్న మేజర్ల కేసులు పరిశీలించి వదిలేయమని రాష్ట్రాలకు చెప్పింది. పడకల లెక్కన గ్రాంట్ వచ్చే చోట పడక ఖాళీ చేయాలన్న తొందర ఎవరికుంటుంది? నేను ఎవరి నియ్యత్‌నీ శంకించడం లేదు. పైసలు వచ్చే తరీఖానే మనిషిని అటు తోస్తుంది అంటున్నాను.

ఇంతకీ ఆమె సొంత హక్ ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2016 నాటి వెట్టిచాకిరీ పునరావాస పథకంలో, వ్యభిచార గృహాల్లాంటి చోట్ల నుంచి విడిపించిన ఆడవాళ్ళకూ పిల్లలకూ 3 లక్షల రూపాయల దాకా ఉంది. దానికి అధికారుల నుంచి విడుదల సర్టిఫికెట్ కావాలి, పూర్తి మొత్తానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. ఇది కాక బాధితుల పరిహారం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టాలి. ఈ పైసలు హోం పేరు మీద కాదు, ఆమె పేరు మీద రావాలి. ఆమె ఖాతాలో పడితే చిన్న దుకాణం పెట్టుకుంటుందో, బర్రెను కొనుక్కుంటుందో, పిల్లను చదివించుకుంటుందో ఆమె మర్జీ. కానీ ఆ సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి కావాలి, వకీలు కావాలి. ఆ మనిషికి జీతం ఇవ్వడానికి గ్రాంట్ ఇచ్చేవాళ్ళకు మనసు రాదు. కుట్టు మిషన్ ఫోటోలో బాగా కనిపిస్తుంది, సర్టిఫికెట్ కోసం వరండాలో కూర్చున్న మనిషి కనిపించదు.

విదేశీ ఫండ్స్ ఉన్నాయి కదా అంటారా? 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించి పరిపాలనా ఖర్చుల హద్దు 50 శాతం నుంచి 20కి దించారు. ఆఫీసు కిరాయి, లెక్కలు రాసేవాళ్ళ జీతం, వకీలు ఫీజు లాంటివి ఆ 20లోకి లాగే వీలుంది. ఒక పెద్ద సంస్థ తనకొచ్చిన దాంట్లో చిన్న సంస్థకు ఇవ్వకూడదు అని కూడా రాశారు. మానుకోట లాంటి జిల్లాలో పనిచేసే చిన్నవాళ్ళు ఎక్కడ నిలబడాలి? ఇక 2025 జనవరి 20న వాషింగ్టన్‌లో ఒక్క సంతకంతో అమెరికా విదేశీ అభివృద్ధి సాయాన్ని 90 రోజులు ఆపారు. ఎక్కడి సంతకం, ఎక్కడి ఆడపిల్ల! దూరపు దేశపు రహమ్ మీద ఇల్లు కడితే ఇంతే.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. కోపం రాకూడదు, వచ్చినా చదవండి. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ పాప ఏడుస్తుంటే ఒక ఎయిర్ హోస్టెస్ ఆపి అడిగింది. పక్కనున్నది అరవై ఏళ్ళ సౌదీ షేక్, నికాహ్ చేసుకున్నానన్నాడు. ఆ రోజు పేపర్లన్నీ మన పాతబస్తీ మీద పడ్డాయి. మనం ఇస్లాంను బద్నామ్ చేస్తున్నారని గింజుకున్నాం. ఆ బద్నామీలో దురుద్దేశం లేదనను. కానీ ఇలాంటి నికాహ్‌లు చదివిన ఖాజీలనూ, బేరం కుదిర్చిన దలాల్‌లనూ మన మోహల్లా నుంచి ఎంతమందిని వెలేశాం? వెలేసింది తిరిగొచ్చిన ఆడపిల్లల్నే. కురవి చుట్టూ తండాల్లో లంబాడీ అక్కచెల్లెళ్ళ సంగతి వేరే అనుకోకండి. పట్నంలో పని ఇప్పిస్తామని వచ్చే మనిషి కులం, మజహబ్ అడగడు, ఇంట్లో అప్పు ఎంతుందో అడుగుతాడు.

సూరా తౌబా 60వ ఆయత్‌లో జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది పద్దులు చెప్పారు. వాటిలో ఒకటి మెడల విడుదల, అంటే బానిసత్వం నుంచి విడిపించడం. ఈ జమానాలో దాన్ని ఎలా వర్తింపజేయాలో ఉలమాల మధ్య ఇఖ్తిలాఫ్ ఉందంటారా, ఉండనీయండి. చేతిలో పైసా లేని ముస్లిం ఆడపిల్ల ఫఖీర్, మిస్కీన్ పద్దుల్లోకి ఎలాగూ వస్తుంది కదా, దానికి ఏ ఫత్వా కావాలి? ముస్లిం కాని పిల్లకు సదఖా ఇవ్వడానికి ఎవరు అడ్డు? సూరా నూర్ 33లో, బలవంతంగా ఆ పనిలోకి నెట్టబడ్డ ఆడవాళ్ళ మీద అల్లాహ్ రహమత్ ఉంటుందన్న హామీ ఉంది. అల్లాహ్ మాఫ్ చేసిన చోట మన మోహల్లా ఎందుకు మాఫ్ చేయదు? అసలు ఆమెది ఖుసూరే కానప్పుడు మాఫీ అన్న లఫ్జ్ ఎందుకు వాడుతున్నాం?

వీరన్న జాతరకు ఊరంతా కలిసి చందా వేస్తుంది, మన జల్సాలకూ మైకులకూ పైసలు దొరుకుతాయి. మనకు గ్రాంట్ అక్కర్లేదు, యూసీ అక్కర్లేదు, ఢిల్లీ టేబుల్ అక్కర్లేదు. సఖి కేంద్రంలో అయిదు రోజుల కంటే ఎక్కువ ఉంచరు, శక్తి సదన్ నుంచి ఏదో ఒకరోజు బయటికి రావాలి. ఆ రోజు ఆమెకు కావాల్సింది ఒక గది, ఏడాది కిరాయి, సర్టిఫికెట్ కోసం ఆఫీసుకు తోడు వచ్చే ఒక ఆపా, "ఎక్కడి నుంచి వచ్చావ్" అని అడగని ఇంటి ఓనర్. ఈ రంజాన్ లోపల కురవి, మానుకోట, డోర్నకల్ మస్జిద్ కమిటీలు తమ జకాత్ రిజిస్టర్లో ఒక్క ఖానా పెంచండి. పేరు రాయొద్దు, ఊరు రాయొద్దు, ఫోటో అసలే తీయొద్దు. నెల కిరాయి ఎంత, ఎన్ని నెలలు, అంతే రాయండి. మా ఇంటి వాటా మొదటి మూడు నెలలది, రిజిస్టర్ తెరిచిన రోజే ఇస్తాను.